కాఫీ మీద అయిదువందల ఏళ్ళ వ్యాజ్యం

కాఫీ తాగితే నల్లబడతావని చిన్నప్పుడు మా ఇంట్లో అనేవారు. మీ ఇంట్లోనూ అనే ఉంటారు. విశేషం ఏమిటంటే, ఆ మాట అనే పెద్దవాళ్ళ చేతిలో అప్పుడు పొగలు కక్కే కాఫీ గ్లాసు ఉండేది. తాగకపోతే తలనొప్పి, తాగితే పైత్యం. చుట్టం వస్తే కాఫీ ఇవ్వకపోవడం మర్యాద కాదు, ఇస్తే ‘ఇప్పుడెందుకండీ’ అనకపోవడమూ మర్యాద కాదు. ఇన్ని అనుమానాల మధ్య ఇంత గౌరవంగా బతికిన వస్తువు మన వంటింట్లో ఇంకొకటి లేదేమో.

నేను వైద్యుణ్ణి కాను, చరిత్రకారుణ్ణీ కాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, అమెరికాలో ఊరూరా తిరిగి, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే కన్సల్టెంటుని. కొత్త ఆఫీసులో అడుగు పెట్టగానే నేను అడిగేది పాస్‌వర్డు కాదు, కాఫీ మెషీను ఎక్కడుందని. అంచేత ఈ పానీయం మీద ఎవరెవరు ఏయే నేరాలు మోపారు, వాటిలో ఎన్ని నిలిచాయి అని కొన్నాళ్ళుగా చదువుతూ వచ్చాను. చదివాక ఒక సంగతి అర్థమయింది. కాఫీ ఆరోగ్యానికి మంచిదా, చెడ్డదా అని ఎవరైనా అడిగినప్పుడల్లా, ఆ ప్రశ్న వెనకాల ఇంకో ప్రశ్న దాక్కుని ఉంటోంది.

మొదటి పెద్ద విచారణ 1511లో మక్కాలో జరిగింది. కాఫీ మొక్క సొంత ఊరు ఇథియోపియా. అయితే దాన్ని పానీయంగా వాడుకలోకి తెచ్చినవాళ్ళు 15వ శతాబ్దంలో యెమెన్‌లోని సూఫీలు. రాత్రంతా దైవస్మరణ చేసుకోవాలి, నిద్ర రాకూడదు, అదీ వాళ్ళ అవసరం. అక్కణ్ణుంచి అలవాటు మక్కాకి పాకింది. కైరో సుల్తాను తరఫున అక్కడ అధికారిగా ఉన్న ఖైర్ బేగ్ ఒక రాత్రి మసీదు దగ్గర కొందరు దీపాలు పెట్టుకుని, గుంపుగా కూర్చుని, ఏదో తాగుతూ ఉండడం చూశాడు. తనని చూడగానే వాళ్ళు దీపాలు ఆర్పేశారు. అధికారికి అనుమానం రావడానికి అంతకన్నా ఏం కావాలి?

మర్నాడు పండితుల్ని పిలిపించి సభ చేశాడు. గుంపులు కూడడం తప్పని అందరూ ఒప్పుకున్నారు కానీ, కాఫీ తాగడం తప్పా కాదా అన్నది వైద్యులే తేల్చాలన్నారు. ఇద్దరు వైద్యులు, అన్నదమ్ములు, వచ్చి ఇది ఒంటికి చెరుపు చేస్తుందని సాక్ష్యం చెప్పారు. సభలో ఒకాయన ఉత్సాహం పట్టలేక ‘అవునండీ, ఇది అచ్చం సారాయిలాగే మత్తెక్కిస్తుంది’ అన్నాడట. మరి సారాయి మత్తు ఎలా ఉంటుందో నీకెలా తెలుసని అందరూ నవ్వారు. సారాయి తాగినట్టు స్వయంగా ఒప్పుకున్నందుకు పాపం ఆయనకి దెబ్బలు పడ్డాయి. 1558 ప్రాంతంలో కాఫీ చరిత్ర రాసిన అబ్దుల్ ఖాదిర్ అల్ జజీరీ వల్ల ఈ వివరాలు మనకి దక్కాయి. మక్కా వీధుల్లో కాఫీ గింజలు తగలబెట్టారు. కొంతకాలానికి కైరో నుంచి జవాబు వచ్చింది. గుంపుల్ని అదుపు చెయ్యమన్నారే కానీ కాఫీని పూర్తిగా నిషేధించమనలేదు. చివరికి గుట్టు అలా బయటపడింది. భయం కాఫీ గురించి కాదు, కాఫీ చుట్టూ చేరి మాట్లాడుకునే మనుషుల గురించి.

లండన్‌లోనూ ఇదే కథ. అక్కడ మొదటి కాఫీ హౌసు 1652లో వెలిసింది. ఒక పెన్నీ పెడితే ఎవరైనా కూర్చోవచ్చు, వార్తాపత్రికలు చదవచ్చు, రాజుగారి మీద వ్యాఖ్యానాలు వినవచ్చు. 1674లో ‘స్త్రీల విన్నపం’ పేరుతో పేరులేని కరపత్రం ఒకటి బయల్దేరి, కాఫీ తాగి మగవాళ్ళు సంసారానికి పనికిరాకుండా పోతున్నారని వాపోయింది. అది నిజంగా ఆడవాళ్ళు రాసిందో, ఎవరో మగ చమత్కారి రాసిందో తేలలేదు. 1675 డిసెంబరు 29న రెండవ ఛార్లెస్ కాఫీ హౌసులన్నీ మూసెయ్యమని ఆజ్ఞ వేశాడు. పుకార్లు పుడుతున్నాయన్నది ఆయన బాధ. జనం ఎంత గోల పెట్టారంటే, ఆజ్ఞ అమలు కావలసిన జనవరి 10కి రెండు రోజుల ముందే వెనక్కి తీసుకున్నాడు. అలాంటి కాఫీ హౌసుల్లోనే ఒకటైన లాయిడ్స్ తరవాత ప్రపంచ ప్రసిద్ధమైన బీమా సంస్థకి పుట్టిల్లయింది.

ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌ది ఇంకో బాధ. 1777లో ఆయన తన ప్రజలు కాఫీ మాని బీరు తాగాలని, తానూ బీరు మీదే పెరిగానని ప్రకటించాడు. అసలు కారణం, కాఫీ కొనడానికి దేశంలోని డబ్బు బయటికి పోతూ ఉండడం. 1781లో గింజలు వేయించే హక్కుని ప్రభుత్వానికే పరిమితం చేసి, దొంగచాటుగా వేయించేవాళ్ళని వాసన బట్టి పట్టుకోమని మాజీ సైనికుల్ని వీధుల్లో తిప్పాడు. జనం వాళ్ళకి ‘కాఫీ వాసన చూసేవాళ్ళు’ అని పేరు పెట్టారు. ముక్కుతో చేసే ప్రభుత్వోద్యోగం అంటే అదే!

మేము ఉంటున్న దేశం కూడా తక్కువ తినలేదు. 1895లో సి. డబ్ల్యు. పోస్ట్ అనే వ్యాపారి గోధుమలూ, తవుడూ, మొలాసిస్ కలిపి వేయించి ‘పోస్టమ్’ అనే పొడి తయారుచేశాడు. కాఫీ నరాలని పాడు చేస్తుందని పత్రికల నిండా ప్రకటనలు గుప్పించి, దాన్ని బ్రహ్మాండంగా అమ్ముకున్నాడు. అంటే మక్కాలో గుంపులంటే భయం, లండన్‌లో పుకార్లంటే భయం, ప్రష్యాలో ఖజానా, అమెరికాలో పోటీ సరుకు. నాలుగు చోట్లా పైకి చెప్పిన మాట మాత్రం ప్రజల మేలే.

ఈ విచారణలన్నిటిలోనూ తాగేవాడి ఒంటి గురించే అడిగారు. పండించేవాడి ఒంటి గురించి అడిగినవాడు కనబడడు. ఆ కథలోకి వెళ్ళాలంటే మొక్క చేసిన ప్రయాణం చెప్పాలి. ఆ ప్రయాణంలో మన దేశమూ ఒక మజిలీ.

17వ శతాబ్దంలో బాబా బుడాన్ అనే ఫకీరు హజ్ యాత్ర నుంచి తిరిగి వస్తూ, యెమెన్‌లోని మోఖా రేవు దగ్గర ఏడు కాఫీ గింజలు రహస్యంగా తెచ్చి, చిక్కమగళూరు దగ్గరి కొండల్లో నాటాడని సంప్రదాయం. ఆ కొండల్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. డచ్చివాళ్ళు 1696లో, అవి బతకకపోతే మళ్ళీ 1699లో, మన మలబారు తీరం నుంచి కాఫీ మొక్కల్ని జావా దీవికి పట్టుకెళ్ళారు. నా బోటివాళ్ళ నోట్లో ముద్ద పెట్టిన ‘జావా’ ప్రోగ్రామింగ్ భాషకి 1995లో పేరు పెట్టింది ఈ కాఫీని తలచుకునే. కాబట్టి హైదరాబాదు అమీర్‌పేటలో జావా నేర్చుకుని విమానం ఎక్కిన మన కుర్రాళ్ళకన్నా మూడువందల ఏళ్ళ ముందే ఆ పేరు వెనకున్న మొక్క మన దేశం నుంచి వలస వెళ్ళిందన్నమాట!

జావా నుంచి 1706లో ఒక మొక్క ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. 1714లో దాని సంతతిలో ఒకదాన్ని ఫ్రాన్సు రాజు 14వ లూయీకి కానుకగా ఇచ్చారు. మరికొన్ని ఏళ్ళకి కాఫీ కరీబియన్ దీవులకి పాకింది. ఇక్కడితో కథలో సరదా అయిపోతుంది. 1780ల చివరికి ప్రపంచంలోని కాఫీలో దాదాపు సగం సాఁ దొమాంగ్ అనే ఒక్క ఫ్రెంచి వలస నుంచే వచ్చేది. అదే నేటి హైతీ. పండించినవాళ్ళు ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. పుట్టేవాళ్ళకన్నా చచ్చిపోయేవాళ్ళు ఎక్కువ కాబట్టి, ఏటా కొత్తవాళ్ళని ఓడల్లో తెస్తూనే ఉండేవారు. పారిస్ కాఫీ హౌసుల్లో స్వేచ్ఛ గురించి చర్చలు సాగుతున్న రోజుల్లో, ఆ కప్పులు నింపినవాళ్ళ పరిస్థితి ఇది. 1791లో వాళ్ళు తిరగబడ్డారు. 1804లో స్వతంత్రులయ్యారు. తరవాత కాఫీకి రాజధాని అయిన బ్రెజిల్‌లో బానిసత్వం 1888 దాకా సాగింది. కాఫీ ఎవరి ప్రాణమైనా తీసిందా అని అడిగితే, చరిత్ర చెప్పే నిజమైన జవాబు ఇక్కడ ఉంది. వైద్యుల సాక్ష్యాల్లో లేదు.

ఇక మన కాలానికి వద్దాం. ఇరవయ్యో శతాబ్దంలో రాజుల స్థానంలో గణాంకాలు వచ్చాయి. 1981లో హార్వర్డ్‌కి చెందిన బ్రయన్ మెక్‌మాన్ బృందం కాఫీకీ క్లోమం కేన్సరుకీ సంబంధం కనబడుతోందని ప్రకటించింది. దేశమంతా ఉలిక్కిపడింది. కిటుకు పోలికలో ఉంది. కేన్సరు రోగులతో పోల్చడానికి తీసుకున్నవాళ్ళలో చాలామంది కడుపు జబ్బులతో అదే వైద్యుల దగ్గర చేరినవాళ్ళు. కడుపు బాగులేక కాఫీ ముందే తగ్గించుకున్నవాళ్ళు! వాళ్ళ పక్కన ఎవరిని నిలబెట్టినా కాఫీ ఎక్కువ తాగినట్టే కనబడతారు. 1986లో అదే బృందం మళ్ళీ పరిశీలిస్తే ఆ సంబంధం నిలబడలేదు.

2012లో వెలువడిన అధ్యయనం ఇంకా తమాషా. అమెరికాలో 50 నుంచి 71 ఏళ్ళ మధ్య వయసున్న నాలుగు లక్షల మందిని పన్నెండేళ్ళకి పైగా గమనించారు. వయసు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే కాఫీ తాగేవాళ్ళే ఎక్కువ చచ్చిపోయారు. కానీ కాఫీ తాగేవాళ్ళలో సిగరెట్లు కాల్చేవాళ్ళు ఎక్కువ. ఆ లెక్క సరిచేయగానే ఫలితం తిరగబడింది. కాఫీ తాగేవాళ్ళలోనే మరణాలు కొంచెం తక్కువని తేలింది. నా వృత్తిలో ఇది రోజూ చూసేదే. సర్వరు పడిపోయినప్పుడల్లా ఫలానావాడు గదిలో ఉన్నాడని వాణ్ణి తిడతాం. తీరా చూస్తే, సర్వరు పడిపోయినప్పుడల్లా బాగుచెయ్యడానికి వాణ్ణే పిలుస్తున్నాం!

ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సరు పరిశోధన విభాగం 1991లో కాఫీని మూత్రాశయ కేన్సరుకి కారణం కావచ్చునన్న జాబితాలో పెట్టింది. 2016 జూన్‌లో 23 మంది శాస్త్రవేత్తలు వెయ్యికి పైగా అధ్యయనాలు చూసి, ఆధారం చాలదని అందులోంచి తీసేశారు. అయితే 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహికకి ప్రమాదం ఉండవచ్చన్నారు. మక్కా నుంచి ఇక్కడికి 505 ఏళ్ళు. కోర్టుల్లో మన భూతగాదాలు ఇంతకన్నా త్వరగానే తేలతాయి.

మరి మేలు మాటో? 2000 సంవత్సరంలో హవాయిలో ఎనిమిది వేల మంది జపానీ సంతతి పురుషుల మీద వెలువడిన పరిశోధనలో, కాఫీ తాగేవాళ్ళకి పార్కిన్సన్స్ వ్యాధి తక్కువగా వచ్చినట్టు కనబడింది. 2002లో పదిహేడు వేల మంది డచ్చివాళ్ళని పరిశీలిస్తే, రోజుకి ఏడు కప్పులు, ఆ పైన తాగేవాళ్ళకి టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం, రెండు కప్పులు, అంతకు లోపు తాగేవాళ్ళలో సగమే అని తేలింది. కాలేయానికి మేలని చెప్పే అధ్యయనాలు చాలా ఉన్నాయి. అయితే ఇవన్నీ మనుషుల్ని గమనించి చెప్పిన మాటలు. కాఫీయే కారణమని నిరూపించినవి కావు. నింద మోపినప్పుడు ఎంత అనుమానించామో, పొగిడినప్పుడూ అంతే అనుమానించాలి.

ఈ మాట ఎందుకంటున్నానంటే, పోయినసారి మా అమ్మ న్యూజెర్సీ వచ్చినప్పుడు, కాఫీ తాగితే షుగరు రాదని వాట్సాప్‌లో వచ్చింది నాకు చదివి వినిపించింది. ఆవిడకి షుగరు వచ్చి పదేళ్ళయింది. చేతిలో మూడో గ్లాసు.

“అమ్మా, ఆ డచ్చివాళ్ళు తాగిన కాఫీ ఇది కాదే,” అన్నాను.

“కాఫీ కాఫీయేరా, డచ్చి కాఫీ, తెలుగు కాఫీ అని ఉంటాయా?” అంది.

ఉన్నాయి. మన దేశపు నిబంధనల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో 49 శాతం దాకా చికోరీ ఉండవచ్చు. చికోరీ ఒక వేరు. అందులో కెఫీన్ ఉండదు. చిక్కటి పాలు సరే. గ్లాసుకి రెండు చెంచాల పంచదార చొప్పున మూడు గ్లాసులకి 24 గ్రాములు. రోజు మొత్తానికి పైనుంచి కలుపుకునే చక్కెర 25 గ్రాముల లోపే ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే లడ్డూ సంగతి ఎత్తకుండానే కోటా అయిపోయింది. భోజనంతో పాటు కాఫీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు, ముఖ్యంగా శాకాహారులు, గంటో రెండు గంటలో ఆగి తాగడం మేలు. వడకట్టకుండా మరగబెట్టిన కాఫీలో ఉండే కెఫెస్టాల్ అనే పదార్థం కొలెస్టరాల్ పెంచుతుంది. కాయితం ఫిల్టరు దాన్ని పట్టుకుంటుంది. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటికి తాగినదాంట్లో నాలుగో వంతు రాత్రి రెండింటికి ఇంకా మేలుకునే ఉంటుంది, మనతో పాటు. ఆరోగ్యవంతులకి రోజుకి 400 మిల్లీగ్రాములు, గర్భిణులకి 200 లోపు అన్నది అమెరికాలో చెప్పే హద్దు.

అమ్మ కాఫీ మానలేదు, మానమని నేనూ అనలేదు. పంచదార రెండు చెంచాల నుంచి అరచెంచాకి దిగింది. నా వంతుగా, ఈమధ్య అరకు కాఫీ దొరికినప్పుడు కొంటున్నాను. తూర్పు కనుమల్లో ఆదివాసీ కుటుంబాలు చెట్ల నీడన, మిరియాల తీగల సరసన పెంచే ఆ అరాబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొట్లం మీద పండించిన చోటు పేరు ఉండడం చిన్న సంగతే కావచ్చు. అయిదువందల ఏళ్ళ వ్యాజ్యంలో ఎవరూ సాక్ష్యానికి పిలవని మనిషి ఉండే చోటు అది. ఈసారి ఎవరైనా కాఫీ మంచిదనో చెడ్డదనో మీకు పంపితే మూడు ప్రశ్నలు అడగండి: ఏ కాఫీ, ఎవరితో పోల్చారు, ఎవరి మేలు కోసం? జవాబు వచ్చేలోగా గ్లాసు చల్లారిపోనివ్వకండి. 65 డిగ్రీలకి దిగితే చాలు.