చిన్నమెదడు - అయస్కాంత పరీక్ష

కొల్లేటిలో తాటిదోనెపై నిలిచి గెడవేయు జాలరి నీట పడకుండుటకు మూలమెయ్యది? తల వెనుక, మెడకు పైని, పిడికిలికంటె చిన్నదిగా నున్న చిన్నమెదడు. బరువున అది మెదడంతటిలో పదియవ వంతు మాత్రమే. నాడీకణములలో సగమునకు మించినవి దానియందే యున్నవి. ఇంత సంపద కాలుసేతుల తూకమునకేనా?

చిరకాల మట్లే తలచిరి. 1824లో ఫ్రాన్సు దేశపు ఫ్లూరెన్సు పక్షులయందా భాగమును తొలగింపగా నవి నడకలో తూలినవి. ఆయన బుద్ధిని పెద్దమెదడునకు, చలనపు పొందికను చిన్నమెదడునకు పంచియిచ్చెను. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులను చూచి గోర్డన్ హోమ్సు 1917లో వ్రాసినదియు ప్రధానముగా చలనమును గూర్చియే.

ఈ పంపకమువలన రోగులకు నష్టము గలిగినదని నా తలంపు. ఏలూరులో నొక యింటిపెద్దకు చిన్నమెదడున రక్తనాళము మూసికొనినదనుకొనుడు. నడక కుదుటపడిన పిదపను ఆయన ధాన్యపు లెక్కలో తడబడి, మాటకై వెదకికొనినచో, ఇంటివారు వయసు చేతనందురు. ఇట్టి లోపములు చిన్నమెదడు దెబ్బవలననే కలుగునని 1998లో ష్మామన్, షెర్మన్ అను నమెరికా పరిశోధకులు రోగులను పరీక్షించి వ్రాసిరి.

అయినను రోగి మెదడున నింకొకచోటను దెబ్బయుండవచ్చును గదా! ఆరోగ్యవంతుని, కత్తి తాకకుండ, పరీక్షించుటెట్లు? మాఱుచున్న అయస్కాంతశక్తి తీగలో విద్యుత్తును పుట్టించునని ఫారడే 1831లోనే కనుగొనెను. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డున బార్కరు, ఆయన సహచరులు తీగచుట్టను తలపై నుంచి, క్షణకాలము బలమైన విద్యుత్తును పంపిరి. ఎముకను దాటి యా శక్తి మెదడును తాకగా చేతికండరములు తమంత తామే కదలెను.

2005లో డెస్మండు, ఆయన సహచరులు దీనిని చిన్నమెదడుపై ప్రయోగించిరి. కొన్ని యక్షరములను చూపి, కొన్ని క్షణములు ధారణయందుంచుకొనుమనిరి. చూపిన వెంటనే చిన్నమెదడు కుడిప్రక్క పైభాగమునకు అయస్కాంతపు తాకిడినిచ్చిరి. పిదప నొక యక్షరమును చూపి, అది ముందువానిలో నున్నదా యని యడిగిరి. ఉత్తరము సరియైనదే, కాని యాలస్యమైనది. వేలితో మీటనొక్కు పనిమాత్రమే యిచ్చినప్పుడా యాలస్యము కానరాలేదు. కుడిప్రక్కనే యేల యందురా? అది యెడమ పెద్దమెదడుతో ముడిపడియున్నది. పెక్కుమందికి భాష యచ్చటనే.

తాడేపల్లిగూడెము బడిలో నాయొద్ద పద్యములు వల్లించిన పిల్లలు మౌనముగా నున్నప్పుడును పెదవులు కదల్చెడివారు. ధారణయనగా లోలోపల నాలుక చేయు పనియే కావచ్చును; అట్లయిన చిన్నమెదడు అందు పాల్గొనుట వింతకాదు. కాని ఆలోచనకు పీఠమదియేయని యీ పరీక్ష చెప్పదు. లోతు పెరిగినకొలది తీగచుట్ట శక్తి వేగముగా క్షీణించును. చిన్నమెదడు లోపలి భాగముల నది చక్కగా నందుకొనజాలదు.