నడక పోగొట్టుకున్న కుర్రాడు, కదలికను చదవడం నేర్పిన డాక్టరు

ఫోన్ చూసి చూసి మెడ పట్టేసిందా? అయితే ఈ ఎపిసోడ్ మీకే. ఈరోజు నేను చెప్పేది ప్రాగ్ నగరంలో పనిచేసిన వ్లాదిమిర్ యాండా గురించి.

యాండా 1928లో పుట్టారు. పదిహేనేళ్ళప్పుడు పోలియో వచ్చి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. దాదాపు రెండేళ్ళు నడవలేకపోయారు. మళ్ళీ నడక నేర్చుకుని, డాక్టరయ్యి, కండరాల వైద్యాన్నే తన పనిగా ఎంచుకున్నారు.

అప్పటికే ఫిజియోలు ఒక్కో కండరాన్నీ పరీక్షించి 0 నుంచి 5 దాకా మార్కులు వేసేవాళ్ళు. యాండా కూడా ఆ పరీక్షల మీద పుస్తకం రాశారు. కానీ బలం ఒక్కటే చూస్తే చాలదు అన్నారాయన. కదిలేటప్పుడు ఏ కండరం ముందు దిగుతోంది, ఏది పని ఎగ్గొడుతోంది? అసలు ప్రశ్న అదీ. కండరాల విద్యుత్ సంకేతాలు కొలిచే ఈఎంజీ యంత్రంతో దాన్ని పరిశీలించారు.

ఫిజియోలకు ఆయన ఆరు కదలికలు గమనించడం నేర్పారు. ఒకటి చెప్తా చూడండి. వెల్లకిలా పడుకుని తల పైకెత్తాలి. గడ్డం ఛాతీ వైపు ముడుచుకుంటే మెడ లోపలి కండరాలు పనిచేస్తున్నట్టు. గడ్డం పైకి పొడుచుకొస్తే పైనున్న కండరాలే బరువంతా లాగుతున్నట్టు. అప్పుడు ముందు బిగిసినవాటిని వదులు చేయాలి, తర్వాత కదలికను మళ్ళీ నేర్పాలి. అందుకే రోగిని ఊగే చెక్క మీద నిలబెట్టి సాధన చేయించేవారు. మెదడు కూడా నేర్చుకోవాలి కదా!

మెడ, భుజాలు ముందుకు వాలే తీరుకు 1979లో ఆయన 'అప్పర్ క్రాస్డ్ సిండ్రోమ్' అని పేరుపెట్టారు. అప్పటికి స్మార్ట్‌ఫోనే లేదు!

అయితే ఒక మాట. మెడ వంగినవాళ్ళందరికీ నొప్పి ఉండదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి పక్క నుంచి ఫోటో తీసుకుని, "నాకు ఈ రోగం ఉంది" అని మీరే తేల్చేసుకోకండి. నా దృష్టిలో యాండా మిగిల్చిన అసలు ఆస్తి ఆ పేరు కాదు, మనిషిని కదిలించి చూసే ఓపిక. ఆ చూపు ఒక్క రోజులో రాదు, ఏళ్ళ శిక్షణ కావాలి. మీ ఫిజియో స్కాన్ పక్కన పెట్టి "ఏదీ, చెయ్యి ఎత్తండి" అంటే విసుక్కోవద్దు, అది కూడా పరీక్షే. చేతుల్లో తిమ్మిరి, బలహీనత ఉంటే మాత్రం వెంటనే డాక్టర్ని కలవండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.