కొరింథు సంఘములో స్త్రీల ప్రార్థన

స్త్రీలు ఆరాధనలో నోరు తెరవకూడదనుటకు మన సంఘములలో కొందరు 1 కొరింథీయులకు 14:34ను చూపుదురు. అయితే అదే పత్రిక 11:5లో పౌలు ప్రార్థన చేయు, ప్రవచించు స్త్రీలకు ముసుకును గూర్చి చెప్పెనే గాని మానుమనలేదు. 14:28, 30లో అన్యభాషలు మాటలాడువానికిని ప్రవక్తకును సహా మౌనము విధింపబడినది. అది క్రమము కొరకైన మౌనమే గాని సంపూర్ణ నిషేధము కాదని మేము తలంచుచున్నాము.

కొరింథు రేవైన కెంక్రేయలో ఫీబే సంఘ పరిచారకురాలు (రోమా 16:1). ఫిలిప్పీ 1:1లోని పరిచారకులకును అదే గ్రీకు పదము వాడబడినది. క్రీ.శ. 112 ప్రాంతమున బితూనియ అధిపతి ప్లినీ, పరిచారకురాండ్రనబడిన ఇద్దరు దాసీలను హింసించి విచారించితినని ట్రాజను చక్రవర్తికి వ్రాసెను.

సంఘము నిమిత్తము హింస పొందిన స్త్రీలకు సంఘములో ప్రార్థించు స్వరము లేదందుమా? ఆ రెండు అధ్యాయములను కలిపి చదివిన పిమ్మటనే తీర్పు చెప్పుదము.