ఇంటిలో మార్చిన విద్యుత్ లారీ – అమ్మకపు చరిత్ర

సంతలో ఎద్దును కొనువాడు మొదట దాని నోరు తెరచి పండ్లు చూచును. పిదప నడిపించి చూచును, కాడి కట్టి చూచును. అమ్మువాడెంత పొగడినను పశువు వయస్సును దాని పండ్లే చెప్పును. పాత మోటారు బండికిని ఇట్టి గుర్తులు కలవు. ఇంజను చప్పుడు విని, పొగ రంగు చూచి, అనుభవశాలియైన మెకానిక్కు దాని ఆయుర్దాయమును ఊహింపగలడు. కాని ఇంజనును తీసివైచి, ఇంటి కొట్టములోనే మోటారును బ్యాటరీలను అమర్చుకొన్న చిన్నలారీ అమ్మకమునకు వచ్చినపుడు కొనువాడు దేనిని చూడవలెను? చప్పుడు లేదు, పొగ లేదు. విలువలో పెద్దపాలు బ్యాటరీలలో నున్నది. వాని బలమా, కంటికి కనబడదు. అమెరికాలో ఇట్టి బండ్ల క్రయవిక్రయముల చరిత్ర ఈ యొక్క ప్రశ్న చుట్టును తిరిగినది.

విద్యుత్ బండి నిన్నటి వింత కాదు. 1900లో అమెరికాలో తయారైన 4,192 మోటారు బండ్లలో 1,681 ఆవిరితోను, 1,575 విద్యుత్తుతోను, 936 మాత్రమే పెట్రోలుతోను నడచునవి. బ్యాటరీని గూర్చిన చిక్కు ఆనాడే కలదు. హార్ట్‌ఫర్డ్ నగరమందలి విద్యుత్ కంపెనీ 1910 తరువాతి యేండ్లలో దానికొక ఉపాయము పన్నెను. వర్తకుడు లారీని మాత్రము కొనును, బ్యాటరీ కంపెనీదే. అది వట్టిపోగానే నిండుదానిని మార్చి యిత్తురు. నడచిన మైళ్లను బట్టి రుసుము చెల్లింపవలెను. 1924 వరకు సాగిన ఈ యేర్పాటులో బండ్లు 60 లక్షల మైళ్లకు పైగా తిరిగెను. బ్యాటరీ చెడినచో కలుగు నష్టమును, దాని గుణము నెరిగినవానిపైననే ఉంచుట యిందలి సూక్ష్మము. అయితే 1908లో ఫోర్డు మోడల్ టి కారును, 1912లో కాడిలాక్ కారునకు విద్యుత్ స్టార్టరును వచ్చుటతో పెట్రోలు బండి చవుకయు, సులభమును ఆయెను. విద్యుత్ బండ్లు క్రమముగా వీథులనుండి తొలగిపోయెను.

అవి మరల వచ్చినది కార్ఖానాల ద్వారమున కాదు, ఇండ్ల పెరటిదారిని. 1967లో కాలిఫోర్నియాలో ఎలక్ట్రిక్ ఆటో అసోసియేషన్ అను అభిరుచిగల వారి సంఘ మేర్పడెను. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు అమెరికాకు చమురు నిలిపివేయగా పెట్రోలు బంకులయెదుట బారులు తీరెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కరవై మనవారు బస్సుల వెనుక బొగ్గుకుంపటి తగిలించి నడపినట్లే, ఆ దేశమందు కొందరు తమ బండ్ల ఇంజనులను దింపి, విమానముల పాత స్టార్టరు మోటారులను, బరువులెత్తు బండ్ల మోటారులను బిగించుకొనిరి. 1976లో విద్యుత్ వాహనముల పరిశోధనకై అమెరికా కాంగ్రెసు ఒక చట్టమును చేసెను. అధ్యక్షుడు ఫోర్డు త్రోసిపుచ్చినను సభలు దానిని మరల నెగ్గించినవి.

ఇట్టి పనికి వారు తరచుగా ఎన్నుకొన్నది పికప్ అను తెరచిన తొట్టిగల చిన్నలారీ. అందులకు కారణము సులభము. అది బరువు మోయుటకే పుట్టిన బండి. తొట్టిని వెనుకకు లేచునట్లు చేసినచో, దాని క్రింద బ్యాటరీలు కుదురును. నీరు పోయుటయు సులభము. గేరుపెట్టె మొదటిదే యుండును. దానికిని మోటారునకును నడుమ ఒక లోహపు పలక బిగింతురు. 6 ఓల్టుల సీసపు బ్యాటరీలు ఇరువది వరుసగా కలిపిన 120 ఓల్టులగును. ఒక్కొక్కటి సుమారు 28 కిలోలు; మొత్తము 560 కిలోలు. ఇంత సీసములో దాగిన శక్తి కాగితముపై 27 యూనిట్లు. ఒక అమెరికా గ్యాలను పెట్రోలులో సుమారు 33 యూనిట్ల శక్తి కలదు! ఇంజనుకంటె మోటారు శక్తిని ఎన్నోరెట్లు పొదుపుగా వాడుటచేతనే ఆ లారీ నలుబది మైళ్ల దాపు పోగలిగెను.

ఇక అమ్మకము. ఇరువది బ్యాటరీలలో అరువది అరలు కలవు. వరుసలో ఒక్క అర బలహీనమైనను తక్కినవానిని వెనుకకు లాగును. అంతకన్న కష్టమైన సంగతి మరొకటి కలదు. రాత్రియంతయు చార్జి చేసినచో ముసలి బ్యాటరీయు ఉదయమున ఓల్టుమీటరుపై పడుచుదానివలెనే కనుపించును. రెండు మైళ్లు నడిపి చూచినవానికి లోపము తెలియదు. ఇంటికి కొనిపోవు దారిలో పదునైదవ మైలున తెలియును. తన కష్టార్జితమంతయు పెట్టి కొన్నవాడు అప్పుడెవరి నడుగును? అమ్మువానికిని బాధ తక్కువ కాదు. తాను పెట్టిన వ్యయమును, సెలవుదినముల శ్రమను ఎవరును లెక్కగట్టరు. బేరము తెగక బండి నిలిచిపోయినచో, చార్జి లేని పలకలపై సీసపు సల్ఫేటు పొర గట్టిపడి, విలువ దినదినము తరుగును.

అందుచేత న్యాయమైన బేరమునకు ఆధారము ఒక మామూలు నోటుపుస్తకము. హైడ్రోమీటరుతో ప్రతి అరలోని ఆమ్లపు సాంద్రతను కొలిచి తారీఖుతో వ్రాసికొన్నది: నిండినపుడు 1.27 దాపు, సగమైనపుడు 1.20 దాపు. దానితోపాటు తీగెల పటము. ఇంటిలో చేసిన బండికి కార్ఖానా గ్రంథము లేదు. ఏ తీగె ఎచటికి పోవునో కట్టినవానికే తెలియును. ఈ రెండును లేనిచో, బ్యాటరీల వెల తీసివైచి వట్టి బండికే వెల కట్టుట క్షేమము. హార్ట్‌ఫర్డ్ కంపెనీ చేసినదియు ఒకవిధముగ నిదియే.

పెద్ద కంపెనీలకును ఈ చిక్కు తప్పలేదు. 1997లో షెవ్రొలే ఎస్–10, 1998లో ఫోర్డు రేంజర్ విద్యుత్ లారీలుగా వెలువడెను. రేంజరులను అద్దెకే ఎక్కువగా ఇచ్చి, గడువు తీరగానే వెనుకకు తీసికొనుచుండిరి. 2005లో వాడుకొన్నవారు ఆందోళన చేయగా, ఫోర్డు కంపెనీ వారికి వానిని అమ్ముట కంగీకరించెను. పాత విద్యుత్ లారీని కోరి కొనువారు కలరని లోకమునకు అప్పుడు తెలిసెను.

నేడు లిథియము బ్యాటరీలు వచ్చి బరువు తగ్గెను, దూరము పెరిగెను. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్ కారులో బ్యాటరీ ఆరోగ్యమును చూపు గీతలు ముందుపలకపైననే కలవు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన శాసనము 2027 ఫిబ్రవరి 18 నుండి వాహనముల బ్యాటరీలకు జన్మపత్రికవంటి పత్రము నొకదానిని విధించినది. మన దేశమందును 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నమోదు పత్రమునకు భిన్నముగ బండిని ఇష్టము వచ్చినట్లు మార్చుటను నిషేధించినది. మార్పును పత్రమున కెక్కింపవలెను. కావున ఇట్టి బండిని కొనువారు మొదట ఆ పత్రమును, పిదప బ్యాటరీ లెక్కలను అడిగి చూడవలెను. అమ్మువాడు అడుగకముందే వానిని ముందుంచినచో, పండ్లు చూపి ఎద్దును అమ్మినవానివలె నిశ్చింతగా ఇంటికి పోవచ్చును.