జామాయిల్ ఊళ్లో వేపచెట్టు

భద్రాచలం వంతెన దాటి సారపాకలోకి వస్తుంటే జామాయిల్ దుంగల లారీలు ఎదురవుతాయి. చిన్నప్పుడు నాకు చెట్టంటే అదే: నిటారుగా పెరిగి, నాలుగైదేళ్లకి లారీ ఎక్కేది. నీడకి మాత్రం మా వీధి మలుపులో వేపచెట్టు ఉండేది.

దాన్ని మురుగుకాలువ కోసం కొట్టేశారు. కాలువ అవసరమే. వానొస్తే ఇళ్లలోకి నీళ్లొచ్చేవి. నేనూ అడ్డం చెప్పలేదు. కానీ ఎస్టిమేట్‌లో సిమెంటు, ఇసుక, కూలి అన్నీ ఉన్నాయి, నీడ లేదు.

అలాగని చెట్ల లెక్క ఈ ఊరికి కొత్త కాదు. ఇక్కడి కాగితం మిల్లులో 1979లో ఉత్పత్తి మొదలైంది. అప్పట్లో దేశంలోని మిల్లులకు గుజ్జు ఎక్కువగా అడవి వెదురు నుంచే వచ్చేది. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. పరిశ్రమలు తమ ముడిసరుకును రైతులతో పెంచించుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. మిల్లు పరిశోధకులు ఏరి పెంచిన 'భద్రాచలం క్లోన్లు' రైతుల చేలకు చేరాయి. మెట్ట రైతుకి నాలుగు డబ్బులొచ్చాయి, అడవి మీద ఒత్తిడి కొంత తగ్గింది. మరోవైపు, పత్తిచేలో దొరికినంత పని జామాయిల్ తోటలో కూలీలకు దొరకదు. తేమంతా ఆ చెట్లే లాగేస్తున్నాయని పక్క చేను రైతు గొడవ.

ఇదంతా టన్నుల లెక్క. 2015లో హరితహారం వచ్చాక మొక్కల లెక్క మొదలైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచాలన్నారు. మంచిదే. అయితే నాటిన మొక్క నీడ కావడానికి ఏళ్లు పడుతుంది. ఏ చెట్టు నాటామన్నదీ ముఖ్యమే. జామాయిల్ ఆకులు కిందికి వేలాడతాయి, ఎండ సందుల్లోంచి దిగిపోతుంది. వేప గొడుగు పడుతుంది.

ఊళ్లో చెట్టుకి ఖర్చు లేదని నేననను. ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు కావాలి, కంచె కావాలి. కొమ్మలు కరెంటు తీగలకు తగులుతాయి, ఆకులు కాలువలో పడతాయి. ఇవన్నీ రాయాల్సిందే. రెండోవైపు కూడా రాస్తే, కాలువను రెండు గజాలు పక్కకు తిప్పడానికి ఎంతవుతుందని ఎవరో ఒకరు అడిగేవారు. ఆ ప్రశ్న నేనూ అడగలేదు.

మలుపులో కూరగాయలమ్మే అక్క అప్పట్లో మధ్యాహ్నం దాకా కూర్చునేది. ఇప్పుడు పదింటికే గంప ఎత్తుతోంది. కాలువ ఎస్టిమేట్‌లో రాయని ఆ ఖర్చు రోజూ ఆమే కడుతోంది.