కళ్లం కాపలాలో కాళ్లు జాగ్రత్త

పొడి పాదం.. నేలకు ఎడం.. నిప్పుకు దూరం

అమలాపురం: సార్వా కోతలు మొదలైతే కోనసీమలో రైతు పడక ఇంటి నుంచి కళ్లానికి మారుతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో నవంబరు నుంచి సంక్రాంతి వరకు ఏ పుంతలో చూసినా, ఏ కాలువ గట్టున చూసినా ధాన్యం రాశులు, వాటిపై బరకాలు, పక్కనే దుప్పటి ముసుగులో కాపలాదారు దర్శనమిస్తారు. వరికోత యంత్రాలు వచ్చాక కుప్పనూర్పిళ్లు తగ్గినా కాపలా మాత్రం తగ్గలేదు. యంత్రంతో కోసిన ధాన్యంలో తేమ ఎక్కువ. మద్దతు ధరకు అమ్మాలంటే తేమ 17 శాతం మించరాదు. అందుకే ఆరబోత తప్పదు, ఆరబోసిన చోట రాత్రి నిద్రా తప్పదు. దొంగల భయం కన్నా, అర్ధరాత్రి చినుకు పడితే బరకం కప్పే మనిషి ఉండాలన్నదే అసలు కారణం. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుపాను వేళ కోసిన పంట తడిసిపోవడం గోదావరి డెల్టా రైతులు మరచిపోలేనిది.

ఈ కాపలా కాసేవారిలో చాలామంది వయసు మళ్లినవారే. కుర్రకారు హైదరాబాదులోనో, గల్ఫ్ దేశాల్లోనో ఉంటున్నారు. ఇంటి పెద్దే దుప్పటి చంకన పెట్టుకుని చేనికి వెళతారు. వీరిలో మధుమేహం ఉన్నవారికీ కొదవలేదు. పాదాల చలి చిన్న బాధగా తోచినా, దాన్ని పోగొట్టుకునేందుకు చేసే పనుల్లో కొన్ని కాలికే ముప్పు తెస్తాయి. అవేమిటో ముందే తెలుసుకోవడం మేలు.

చలి తక్కువే.. తేమే ఎక్కువ

తీర ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు పడిపోయి, అది సాధారణం కన్నా బాగా తక్కువైతేనే వాతావరణ శాఖ శీతల గాలులుగా పరిగణిస్తుంది. కోనసీమలో ఆ స్థాయి అరుదు. లంబసింగి చలితో పోలిస్తే ఇది చలే కాదని నవ్వేవారూ ఉన్నారు. అయితే గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, కాలువలు, చెరువులు, కొబ్బరి తోటల మధ్య రాత్రి కురిసే మంచు దుప్పటిని, గడ్డిని, నేలను ఒకేసారి తడిపేస్తుంది. గాలితో పోలిస్తే నీరు శరీరంలోని వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. పొడిగా ఉన్న పాదం 18 డిగ్రీల్లో హాయిగా ఉంటుంది. అదే పాదం తడి దుప్పటిలో ఉంటే తెల్లవార్లూ నిద్ర పట్టదు.

ముందుగా పాదాలే ఎందుకు చల్లబడతాయన్నదీ తెలుసుకోవాలి. శరీరానికి చలి తగలగానే గుండె, మెదడు వంటి ముఖ్య భాగాలను కాపాడుకునేందుకు కాళ్లు చేతుల్లోని రక్తనాళాలు కుంచించుకుంటాయి. పాదాల్లో వేడి పుట్టించే కండ కూడా తక్కువే. కాబట్టి పాదానికి ఎన్ని గుడ్డలు చుట్టినా, తల, ఛాతీ చలికి వదిలేస్తే ప్రయోజనం ఉండదు. మంకీ క్యాపు, మఫ్లరు కూడా ఒక విధంగా పాదాలకు తొడుగులే. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1999లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పాదాలు, చేతులు వెచ్చబడినవారికి నిద్ర త్వరగా పడుతుంది. కాళ్లు చల్లబడితే కునుకు పట్టదని మన పెద్దలు చెప్పేదీ ఇదే.

పడక కిందే అసలు దుప్పటి

పైన రెండు రగ్గులు కప్పుకుని కింద ఒక్క గోనె సంచి పరుచుకునేవారే ఎక్కువ. ఇది తలకిందుల వ్యవహారం. శరీర బరువుకు నలిగిన పరుపులో గాలి నిలవదు, గాలి నిలవని చోట వెచ్చదనం నిలవదు. నేలపై పడుకోక తప్పకపోతే ముందు బరకం ముక్క, దానిపై జానెడు మందాన పొడి ఎండుగడ్డి, ఆపైన గోనెలు, చివర బొంత పరుచుకోవాలి. గడ్డిపోచల మధ్య చిక్కుకున్న గాలే నేల చలిని అడ్డుకుంటుంది. గడ్డిని మిట్టమధ్యాహ్నం ఎండలోనే తెచ్చి, దులిపి, బరకం కింద దాచాలి. చీకటి పడ్డాక వాము నుంచి లాగిన గడ్డి అప్పటికే మంచుకు చెమ్మగిలి ఉంటుంది.

కొబ్బరి పొట్టు మెత్తగా ఉంటుందని పరిచేవారున్నారు. అది తన బరువుకు అనేక రెట్ల నీటిని పీల్చుకునే పదార్థం. మొక్కల కుండీలకు మంచిదే గానీ మంచు కురిసే రాత్రి పడకకు పనికిరాదు. దానికన్నా బాగా ఎండిన కొబ్బరి పీచు నయం.

మంచం వేసుకునేవారికి మరో చిక్కు. నేల చెమ్మ తప్పుతుంది గానీ నులక సందుల్లోంచి గాలి కింది నుంచి కొడుతుంది. గడ్డి కూరిన గోనె సంచులు రెండు మంచంపై పరిచి, వాటిపై బొంత వేస్తే ఆ గాలి ఆగుతుంది. పాదాల వైపు మరో గోనెలో సగానికి గడ్డి నింపి, దుప్పటితో సహా కాళ్లను అందులో దూర్చి పడుకుంటే చక్కగా ఉంటుంది. అంగట్లో వేలు పోసి కొనే నిద్రసంచిలో ఉన్న కిటుకు కూడా ఇంతకు మించి లేదు. ఎరువుల ప్లాస్టిక్ సంచులను మాత్రం చర్మానికి తగలనీయరాదు. వాటిలో చెమట ఇంకదు, పాదం లోపలే తడిసి మరింత చల్లబడుతుంది.

పైకప్పు లేని చోట మబ్బులేని ఆకాశం కిందే చలి, మంచు ఎక్కువ. నాలుగు కర్రలు పాతి బరకం కడితే ఎంతో తేడా ఉంటుంది. మామిడి చెట్టు నీడ రాత్రి కూడా ఉపయోగమే. కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దు. మట్ట ఎప్పుడు రాలుతుందో, కాయ ఎప్పుడు పడుతుందో కోనసీమ వాసులకు చెప్పనక్కర్లేదు.

ధాన్యం రాశికి ఆనుకుని పడుకుంటే వెచ్చగా ఉంటుందని చాలామంది అనుభవం. నిజమే. అయితే తేమ ధాన్యం లోలోపల వేడెక్కుతున్నందువల్లే ఆ వెచ్చదనం. అది కాళ్లకు హాయి, గింజకు చేటు. రాశి వెచ్చగా తగిలితే తెల్లవారగానే తిరగబోసి ఆరబెట్టుకోవాలి.

పడుకునే ముందు పది నిమిషాలు

రోజంతా బురదలో నానిన కాళ్లను కడిగి, వేళ్ల సందులు సహా పూర్తిగా తుడుచుకోవాలి. పగలు వేసుకున్న మేజోళ్లు పొడిగా కనిపించినా చెమటతో చెమ్మగానే ఉంటాయి. పడుకునేందుకు వేరే జత, వదులుగా ఉండేవి, ఇంటి దగ్గరే పొట్లం కట్టి తెచ్చుకోవాలి. బిగుతు మేజోళ్లు రక్తప్రసరణను అడ్డుకుంటాయి. ఉన్ని దొరికితే నూలు కన్నా మేలు. తడిసినా ఉన్ని కొంత వెచ్చదనం ఇస్తుంది, నూలు ఇవ్వదు. మన పాత గొంగళి విలువ అక్కడే ఉంది. ఐదు నిమిషాలు రాశి చుట్టూ నడిచి, మడమలు ఇరవై ముప్పై సార్లు పైకెత్తి దించితే పిక్కల్లో పుట్టిన వేడి పాదాలకు దిగుతుంది. వేడి అన్నం తిని పడుకోవడం కూడా మంచిదే.

చలికి మందు పుచ్చుకుంటే వెచ్చబడతామన్నది అపోహ. మద్యం చర్మంలోని రక్తనాళాలను విప్పార్చడం వల్ల వేడిగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం వేగంగా బయటకు పోతుంది. చుట్ట, బీడీలదీ ఇదే తంతు. పొగాకులోని నికోటిన్ కాళ్ల రక్తనాళాలను మరింత బిగిస్తుంది.

నిప్పుతో చెలగాటం వద్దు

కుంపటి, వేడి ఇటుక, వేడినీళ్ల సీసా.. ఈ మూడూ ఊళ్లలో అలవాటైన ఉపాయాలే. మధుమేహం ఉన్నవారికి ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. ఏళ్ల తరబడి చక్కెర అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారతాయి. అలాంటివారికి పాదం చల్లగా ఉన్నట్టు, తిమ్మిరెక్కినట్టు అనిపిస్తుంది గానీ, తాకి చూస్తే వెచ్చగానే ఉండవచ్చు. కాలుతున్నా నొప్పి తెలియదు. చర్మానికి 44 డిగ్రీల వేడి సుమారు 6 గంటలు తగిలితే చాలు, కాలిన గాయమవుతుంది. చేతికి గోరువెచ్చగా అనిపించిన సీసా తెల్లవారేసరికి అరికాలిపై బొబ్బ తేల్చగలదు. ఆ బొబ్బ పుండై మానక వేలు, పాదం తీసివేసే వరకు వెళ్లిన సందర్భాలు వైద్యులకు కొత్త కాదు. కాబట్టి మధుమేహ రోగులు పాదాలకు ఏ వేడి వస్తువూ తగిలించుకోరాదు. పొడి మేజోళ్లు, గడ్డి గోనెతోనే సరిపెట్టుకోవాలి. మిగతావారు వేడినీళ్ల సీసాను మందపాటి తువ్వాలులో చుట్టి, పడుకునే ముందు పడకను వెచ్చబరిచి తీసేయాలి.

బరకం నాలుగువైపులా దించి లోపల కుంపటి పెట్టుకోవడం ప్రాణాంతకం. బొగ్గుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా రక్తాన్ని పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే పోతారు. నెగడు వేసుకుంటే గడ్డికి, రాశికి దూరంగా, ఆరుబయట వేసుకుని, పడుకునే ముందు నీళ్లు చల్లి ఆర్పాలి.

గడ్డిలో పాము.. గాలిలో దోమ

కోతల కాలంలో చేలల్లో ఎలుకల వెంట రక్తపింజర తిరుగుతుంది. చీకట్లో గడ్డిలోకి చేయి, కాలు పెట్టరాదు. టార్చి లేకుండా లేవరాదు. నేలపై పడుకున్నవారి పక్కలోకి చేరే కట్లపాము కాటుకు నొప్పి కూడా సరిగా తెలియదు. దోమతెర అంచులను పడక కిందికి పూర్తిగా దోపుకోవడమే దీనికి చక్కని అడ్డు. దోమతెరలో నిద్రించేవారికి పాము కాట్లు తక్కువని నేపాల్‌లో జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. కాటు పడితే తాళ్లు కట్టడం, కోయడం మాని, కాలు కదలకుండా ఉంచి 108 ద్వారా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

దోమతెర అవసరం కోనసీమకు మరీ ఎక్కువ. గోదావరి డెల్టా ఎన్నో ఏళ్లుగా బోదకాలు బెడద ఉన్న ప్రాంతం. దాన్ని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ రాత్రివేళే కుడుతుంది. ఇప్పటికే కాలు వాచినవారు బిగుతు మేజోళ్లు, వేడి కాపడాలు మానాలి. సబ్బుతో కడిగి, మడతలు తుడిచి, కాలి కింద గోనె మడత పెట్టి కాస్త ఎత్తులో ఉంచుకుని పడుకోవాలి.

రహదారిపై ఆరబోసి అక్కడే పడుకోవడం వీలైనంత వరకు మానాలి. 216వ జాతీయ రహదారి మాట అటుంచి, ఊరి రోడ్లపై కూడా పొగమంచులో డ్రైవరుకు దుప్పటి కప్పుకున్న మనిషికీ ధాన్యం కుప్పకూ తేడా తెలియదు. తప్పనిసరైతే రోడ్డు దిగి గట్టు మీద పడుకోవాలి.

చెరువు గట్టు.. తీర్థం రాత్రి

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మండలాల్లో చేపలు, రొయ్యల చెరువుల కాపలాదారులది ఏడాది పొడుగునా ఇదే బతుకు. ఏరేటర్లు చూసేందుకు, మేత చల్లేందుకు రాత్రి పలుమార్లు నీటిలో దిగడం, తడి కాళ్లతోనే మళ్లీ నడుం వాల్చడం మామూలే. గంటల తరబడి తడిలో నానిన పాదం 15, 16 డిగ్రీల చలిలోనూ దెబ్బతింటుంది. తెల్లబడి, మొద్దుబారి, తర్వాత ఎర్రగా వాచి మండుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోని సైనికులను పీడించిన జబ్బు ఇదే. గట్టు మీది పాకలో పొడి తువ్వాలు, రెండు జతల మేజోళ్లు ఉంచడం చెరువు యజమానికి పెద్ద ఖర్చేమీ కాదు.

మాఘంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి వచ్చే భక్తులు సాగర తీరాన ఇసుకపైనే నిద్రిస్తారు. మాఘమాసంలో మాకులే వణుకుతాయని నానుడి. పైపొర ఇసుక పొడిగా కనిపించినా లోపలిది చెమ్మ. ప్లాస్టిక్ పట్టాపై మడత దుప్పటి పరుచుకోవాలి. స్నానానంతరం తడి బట్టలతో కూర్చోరాదు. చంటిబిడ్డలను తల్లి పక్కలోనే, టోపీ, మేజోళ్లతో పడుకోబెట్టాలి.

ఒక కాలు మాత్రమే చల్లగా ఉండి రంగు మారినా, నడిస్తే పిక్క పట్టేస్తున్నా, పాదంపై పుండు వారంలో మానకపోయినా అది చలి వల్ల కాదని భావించి వైద్యుని వద్దకు వెళ్లాలి. గడ్డిలో పడుకున్న వారం, పది రోజులకు జ్వరం వచ్చి, ఒంటిపై నల్లని పెచ్చు కట్టిన మచ్చ కనిపిస్తే స్క్రబ్ టైఫస్ కావచ్చు. ఆ మచ్చ నొప్పి పెట్టదు. కనుక వైద్యునికి రోగే చూపించి చెప్పాలి.