అరవ, మద్రాసీ

తమిళుడు తనను తాను ‘అరవ’ అని చెప్పుకోడు. ఆ పేరు ఇరుగుపొరుగు పెట్టింది. పూర్వం తమిళ దేశంలో అరువానాడు అనే సీమ ఉండేది. మనకు దగ్గరగా ఉన్న ఆ ఒక్క సీమ పేరే మొత్తం జాతికి పేరైందన్నది పండితులు ఎక్కువగా ఒప్పుకునే మాట. బ్రౌన్ నిఘంటువు దానికి తమిళమనే అర్థం ఇచ్చింది. నెల్లూరు, చిత్తూరు వైపు పెద్దవాళ్లు ‘ఆయనకు అరవం బాగా వచ్చు’ అంటే అందులో మెచ్చుకోలు తప్ప మరొకటి వినపడదు.

ఆ మాటను ‘అరవడం’తో ముడిపెట్టిన దగ్గర చెడింది. అరువానాడుకూ అరుపుకూ చుట్టరికం లేదు. రెండూ చెవికి ఒకేలా తగలడమే దీనికంతటికీ ఆధారం. ‘అరవగోల’ అలా పుట్టింది. మన హాస్య చిత్రాలకు అది చేతికందిన సరుకైంది. నుదుట విభూతి పెట్టి, ‘చెప్పు’ను ‘శెప్పు’ అనిపించి, మధ్యలో ఓ ‘ఎన్నా’ తగిలిస్తే పాత్ర తయారు. ఆ మనిషి చేసే పని ఏదైనా కావచ్చు, నవ్వు మాత్రం యాసకే.

ఇదే పని హిందీ సినిమా మనకు చేసినప్పుడు మనకు వెంటనే తెలిసింది. 1968లో వచ్చిన ‘పడోసన్’ కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. దాని బెంగాలీ మూలమే 1953లో ‘పక్కింటి అమ్మాయి’గా మనకొచ్చింది. హిందీలో సంగీతం మాస్టారు పిళ్లైగా మెహమూద్ వేశాడు. పిలక, అయ్యయ్యోలు, విరిగిన హిందీ. మన్నాడే గొంతుతో పాడిన ఆ మాస్టారికి సంగీతం వచ్చు. అయినా హాలు నవ్వేది ఆయన విద్యను చూసి కాదు, ఉచ్చారణను చూసి.

‘మద్రాసీ’ అనే మాటకు కొత్త బలం ఇచ్చినవి ఇలాంటి పాత్రలే. పంజాబీ, బెంగాలీ లాంటిదే దాని నిర్మాణం, ఊరి పేరుకు ‘ఈ’ చేర్చారు. కానీ 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయింది. 1969లో మద్రాసు రాష్ట్రమే తమిళనాడైంది. 1996లో ఊరు కూడా చెన్నై అయింది. చోటు పోయినా పిలుపు పోలేదు. విశాఖవాడూ, మైసూరువాడూ, త్రిస్సూరువాడూ ఉత్తరాదిలో ఇప్పటికీ మద్రాసీలే.

‘పడోసన్’ను దక్షిణాదిలో ఇష్టపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు పౌరుషం లేదనడం అన్యాయం. సొంత ఊళ్లో చూసినవాడికి పిళ్లై వెండితెర మీద బొమ్మ, ఆట అయ్యాక ఇంటికి పోతాడు. ఢిల్లీలో ఉద్యోగం చేసుకునేవాడికి అలా కాదు. మర్నాడు ఆఫీసులో ఆ ‘అయ్యయ్యో’ తనను చూసి అంటారు. ఒకే నవ్వు ఒకరికి వినోదమూ, ఇంకొకరికి అవమానమూ కావడానికి మూలం ఇక్కడుంది. ఎవరి మనసు ఎంత సున్నితమన్నది కాదు ప్రశ్న. ఆ వెక్కిరింత మర్నాడు ఎవరి మీద పడుతుందన్నదే.

హైదరాబాదులో బతికే తమిళుడి చెవిలో ‘అరవ’ పడేది కూడా ఇలాగే. మద్రాసీ అంటే మండే మనం ఆ సంగతి గమనించకపోవడం నాకు బాధగా ఉంటుంది. తమిళులు మనల్ని ‘గుల్టి’ అంటారు కదా అనే జవాబు వెంటనే వస్తుంది. అంటారు, అదీ తప్పే. ‘తెల్గు’ను తిరగేసి చేసిన మాట అని చెబుతారు. వాళ్ల తప్పు మనకు అనుమతి పత్రం కాదు.

పరభాష మాట్లాడేవాళ్ల మీద హాస్యం వద్దని నేననడం లేదు. పిసినారి తమిళుడి పిసినారితనం మీద, గొప్పలు చెప్పే తెలుగువాడి గొప్పల మీద ఎంతైనా నవ్వవచ్చు. యాస తీసేసి చదివినా నవ్వొస్తే అది హాస్యం. యాస తీసేయగానే ఏమీ మిగలకపోతే అక్కడ ఉన్నది రాతగాడి బద్ధకం, పక్కవాడి పుట్టుక, అంతే.

సంభాషణలు రాసేవారికి ఒక విన్నపం. మీ కథలో తమిళుడుంటే అతనికి ఒక పేరు పెట్టండి, ఒక పని ఇవ్వండి, ఎదుటివాణ్ణి ఓడించే మాట ఒకటైనా అతని నోట పెట్టండి.